ఉప్పు మరక

పొద్దున్నే బోరు నీళ్ళు నాలిక మీద వేసుకుంటాను.
ఉప్పు కషాయం.
చుట్టూ రొయ్యల చెరువులే, ఇంకే రుచి వస్తుంది?

వీరవాసరం రోడ్డు మీద నా వాటర్ సర్వీసింగ్.
కారుకి మూడొందలు, నురగేస్తే ఇంకో వంద,
రొయ్యల వ్యానుకి వాసన లెక్క వేరే.

కాలవ కట్టేసి ఇరవై రోజులు.
ఈ బోరుతో నల్లకారు కడిగితే
ఆరేసరికి ఒళ్ళంతా సిబ్బెం లేచినట్టు మచ్చలు.
అబ్బులు పొడిగుడ్డతో పరిగెడతాడు,
ఎండ వాడికంటే ముందుంటుంది.

ట్యాంకరు మంచినీళ్ళు కొందామంటాడు.
ఎదురుగా పంపు దగ్గర ఆరు బిందెలు
మనిషి లేకుండా వరసలో నిలబడి ఉన్నాయి.
నేనేం మాట్లాడలేదు.

సాయంత్రం చెరువు ఆసామి
బానెట్ మీద వేలు రాసి చూపించాడు:
ఇదేం కడగడమయ్యా, ఉప్పు!

మీ ఉప్పేనండీ,
అని నోటిదాకా వచ్చింది.
యాభై తగ్గించి తీసుకున్నాను.