పదకొండు తూట్లు

కోకాపేట దాటి, రింగురోడ్డు కింద అండర్‌పాస్ దూరి
ఎడమకు మళ్ళితే బర్రెగుండు.
బర్రె వీపు మీద దూడ గడ్డం ఆనించినట్టు
బండ మీద బండ.
మధ్యలో అరచెయ్యి పట్టేంత సందు.
పొద్దుటి ఎండ అందులోంచి
సూదిలో దారంలా ఇవతలికొస్తుంది.

ఆదివారాలు ఎక్కుతాను,
చెప్పులు కింద తంగేడు కొమ్మకు తగిలించి.
ఈ రాతికి రబ్బరు నచ్చదు.
మడమతో అడిగితే దారి చెబుతుంది.

పైనుంచి చూస్తే
ఒకప్పటి ద్రాక్షతోట కడీలు వరసగా,
తీగల్లేకపోయినా ఇంకా దేన్నో మోస్తున్నట్టు.
అటు గండిపేట నీళ్ళు, రూపాయి బిళ్ళంత.
ఇటు ముప్పై ఆరంతస్తులు,
కిటికీలింకా పెట్టలేదు,
గాలి ఒక్కతే ఇల్లిల్లూ తిరిగి చూసుకుంటోంది.
నీళ్ళ ట్యాంకరు కార్చుకుంటూ పోయిన తడి వెంట
రెండు కుక్కలు.
సీతాఫలం పొదల్లో నెమలి కేక.
క్రేను కూత దానికి జవాబు.

గుండు నడుము మీద పదకొండు తూట్లు,
జానెడు జానెడు ఎడంగా.
మా నాయిన వల్లెపు సాయన్న శానంతో కొట్టినవి.
పన్నెండోది కూడా కొట్టి, చీలలు దింపి
సమ్మెటతో నాలుగు దెబ్బలేసుంటే
ఈపాటికి ఎవరి ప్రహరీలోనో ఉండేది.

ఎందుకాగాడు?
మైసమ్మ కలలో కొచ్చిందంటాడు మేకల నర్సిమ్ములు.
రాయి గంటలా మోగితే చేతులాడలేదని
మా అన్న తన పిల్లలకు చెప్తాడు.
వాకింగుకొచ్చే కళ్ళజోడాయన
రెండొందల యాభై కోట్ల ఏండ్ల రాయి అంటూ
ఆ తూట్లకే ఫోటో తీసుకుంటాడు,
పాతకాలపు లిపేమోనని.

అవ్వ మాత్రం బియ్యంలో మెరిగెలు ఏరుతూ
తల ఎత్తకుండా అంటుంది:
"ఏ అమ్మోరూ రాలే.
గుత్తేదారు మూడు వారాల కూలి ఎగ్గొట్టిండు.
మీ నాయిన సుత్తె భుజానేసుకొని ఇంటికొచ్చిండు.
గంతే."

గంతే.
ఇంత గుండూ నిలబడ్డది
నూట ఇరవై రూపాయల బాకీ మీద.

వాన పడితే పదకొండు తూట్లలో
పదకొండు గుక్కల నీళ్ళు.
పికిలిపిట్ట ఒకటి వరసగా తాగదు,
మూడోది, ఏడోది, మళ్ళీ మూడోది.
పన్నెండో చోట శానం మొన గిల్లిన చుక్క ఉంది.
బొటనవేలు ఆనిస్తే వెచ్చగా తగులుతుంది.
ఎండకే లెండి.

మొన్న ఎవరో ఎర్ర రంగుతో
గుండు మీద నంబరేసి పోయారు.
తెల్లటి బండి, మెడలో కార్డులు,
చేతిలో నీళ్ళ సీసాలు.
నర్సిమ్ములు దగ్గర కూర్చోబెట్టి చాయ్ తాగించారట.
కూలి ఎగ్గొట్టే రకంలా లేరన్నాడు.