ఒకటి తక్కువ

ఆదివారం తాడిపత్రిలో రాతిపొడి కూడా సెలవు తీసుకుంటుంది.
కట్టర్ల నోళ్ళు మూతపడ్డాక
మా పాలిష్ ఫ్యాక్టరీ వెనక షెడ్డులో
ముగ్గురు పిల్లోళ్ళు వైర్లు పరుస్తారు.
డ్రమ్ముల ముందు మస్తాన్‌వలి,
లావు తీగెల గిటారుతో మద్దిలేటి,
బక్కపల్చటి ఓబులేసు మాత్రం
పదివేళ్ళనీ గిటారు మెడ మీదే పెట్టి
శెనక్కాయలు ఒలిచినట్టు
టకటకా, పొట్టు ఒకపక్క, గింజ ఒకపక్క.

నేను బండలు లెక్కపెట్టే మనిషిని.
లారీకెక్కే ప్రతి పలకకీ ఒక నిలువుగీత,
నాలుగు నిలువుగీతల మీద ఒక అడ్డగీత.
పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పాను గానీ
పన్నెండేళ్ళలో నా చేతికింద ఒక్క పలక తప్పిపోలేదు.
ఒకటి తక్కువొస్తే
షావుకారు నోరు లేస్తుంది, నా జీతం తెగుతుంది.

అందుకే మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు
అలవాటుగా వేళ్ళు మడిచాను.
ఐదు, ఆరు, ఏడు
ఎనిమిదికి వేలు సిద్ధంగా పెట్టుకున్నాను.
ఎనిమిది రాలేదు.
మళ్ళీ ఒకటే వచ్చింది.
చీకట్లో మెట్టుందనుకుని కాలు పెడితే
కడుపులో ఏదో జారినట్టు.
భయపడాల్సింది.
నవ్వొచ్చింది.

వాచ్‌మన్ ఈరన్న గుమ్మంలోంచి అడిగాడు,
"పాట యాడప్పా? పాడేటోడు రాలేదా?"
"పాడేటోడు లేడు తాతా."
"మరి దేని గురించి ఇదంతా?"
ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.
తీగె బిగిస్తూ ఓబులేసు
"ఏడు గురించి" అన్నాడు.

వారమంతా నా చెవుల నిండా మాటలే.
ఫోన్లో ఆర్డర్లు, డ్రైవర్ల తిట్లు,
హోటల్ రేడియోలో ఎవడో
తన ప్రేమ మూట నా నెత్తిన పెట్టి పోతాడు.
ఇది నన్ను ఏడవమనదు,
ఎవర్నీ తలుచుకోమనదు.
లెక్కపెట్టు అంటుంది,
లెక్క కుదిరిందనగానే
కాళ్ళకింది బండ లాగేస్తుంది.

ఏడు అయిదవుతుంది, అయిదు పదకొండవుతుంది.
పెన్న ఇసుకలో పాయలు చీలినట్టు
ఎవరి దారిన వాళ్ళు పోతారు,
ఇక కలవరులే అని నేను చేతులు దించేశాక
ముగ్గురూ ఒక్క దెబ్బ మీద దిగుతారు.
రేకుల మీద ఏళ్ళనాటి రాతిపిండి
సన్నగా రాలి నా జుట్టులో పడుతుంది.

ఒకసారి మస్తాన్ నిజంగానే తప్పాడు.
ఆపేసి ఒకర్నొకరు తిట్టుకున్నారు.
నాకు ఆ తప్పు కూడా బాగుంది. చెప్పలేదు.
మా పాత జనరేటర్
అయిదుకోసారి దగ్గుతుందని
ఆ తర్వాతే కనిపెట్టాను.

సోమవారం పొద్దున రాజ్‌కోట్ లారీ.
హమాలీ సుంకన్న భుజాన మడిచిన గోనె, దానిమీద పలక.
నా పుస్తకంలో ఆరు నిలువుగీతలు, ఒక అడ్డగీత.
"అదేం లెక్కమ్మే?"
"ఏడు."
ఇంకేమీ అడగలేదు.

నూట డెబ్బై ఐదు పలకలు ఎక్కాయి, ఒకటీ తగ్గలేదు.
చివరి వరసల్లో గమనించాను,
ప్రతి ఏడో పలక దించాక సుంకన్న
కాలు
కాస్త ముందే మోపుతున్నాడు.