తడిసిన అగ్గిపుల్లలు

మధ్యాహ్నం మూడింటికి ఆదోని
షట్టరు సగం దించుకొని కూర్చుంటాది.
నా కొట్టూ అంతే.
అద్దం పగిలినవి, గోలెంలో పడినవి,
బ్యాటరీ ఉబ్బి నెలలు నిండినట్టుండేవి,
అన్నీ నా ముందర వెల్లకిలా పడుకొనుంటాయి.

కొత్త స్పీకరు వేస్తే ఒక పాట పెట్టి చూడాల.
అది పని. వినడం కాదు.
పదకొండేళ్లలో ఎన్ని వేల పాటల్ని
పది సెకన్లకే గొంతు నొక్కినానో,
చరణం దాకా బతికింది ఒక్కటీ లేదు.

ఆ పొద్దు వచ్చిన ఫోను
నర్సింగు చదివే సుగుణ రేచల్‌ది.
స్పీకరు అతికించి, పైనుండే పాట నొక్కినా.
మొదట ఏమీ లేదు.
ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.
ఒక దగ్గు.
ఆమీట, ఎండిన బావి అడుగున బొక్కెన తగిలినట్టు
దుం
అని ఒకటి.
ఆగి, ఇంకొకటి.
డబ్బీలో స్క్రూలు వణికినాయి.
అప్పుడు ఒకామె ఎత్తుకునింది.
పాడడమా అది,
చీటీ డబ్బులు ఎగ్గొట్టినోని వాకిట్లో నిలబడి
వీధంతా వినేట్టు అడగడమా?
భాష తెలీదు నాకు. కోపం తెలిసింది.
పది సెకన్లు పోయినాయి.
నాలుగు నిమిషాలూ పోయినాయి.
టీ మీద మీగడ కట్టింది.

"ఎవరమ్మా వీళ్లు?"
బిల్లు రాయకముందే అడిగినా.
"వెట్ మ్యాచెస్, అన్నా.
తడిసిన అగ్గిపుల్లలని బ్యాండు పేరు."
చేపల రేవు పక్కన ఊరంట వాళ్లది,
చలికాలం పొద్దే పొడవదంట.
మన ఎండ ఒక మూట కట్టి
పార్సిలు చేద్దామా అనిపించింది.
బిల్లుబుక్కు వెనక రాసుకున్నా, తెలుగులోనే.

ఒక పేరు కొస పట్టుకొని లాగితే
ఇంకొక పేరు వచ్చింది.
ఇంట్లోవాళ్లు లేస్తారని దుప్పట్లో దూరి
గుసగుసగా పాడిన పిల్లోడు.
గిటారును ఇసకలో ఈడ్చుకుంటా పోయినట్టు వాయించే
ఎడారి ఊరి అన్నదమ్ములు.
కొన్ని నచ్చలేదు, అబద్ధమెందుకు,
మిక్సీలో గులకరాళ్లు వేసి మూత మరిచినట్టుండాయి.
జెరాక్సు ఈరన్న తల బయటపెట్టి
"ఏందిప్పా ఆ గోల, ఒక ముక్కన్నా అర్థమైతాదా?" అంటాడు.
రోజంతా ఊరోళ్ల కాగితాలు అచ్చు తీస్తాడు,
ఒక్కటీ చదవడు, వాడడిగేది.

రాత్రి ఇంట్లో పరుపుల పెట్టె మీద స్పీకరు పెట్టినా.
నాయన పక్కనే పండుకున్నాడు.
దస్తగిరి అంటే ఒకప్పుడు
విల్లు భుజానేసుకొని వీధి వీధి తిరిగి
బొంతలకు దూది ఏకినోడు.
మిషన్లొచ్చినాక జిన్నింగు మిల్లులో ఇరవై రెండేళ్లు.
సన్న చప్పుళ్లన్నీ ఆ మిల్లు తినేసింది,
పిచ్చుకని, ప్రెషరు కుక్కరుని,
మాయమ్మ గొంతుని.
లారీ, ఉరుము మిగిలినాయి.

పాట మొదలైంది. కుర్చీ. దగ్గు.
అవి ఆయనకు లేవు.
దుం.
నాయన లేచి కూర్చున్నాడు.
చెయ్యి చాపి పెట్టె మీద అరచెయ్యి ఆనించినాడు,
జ్వరం చూసినట్టు.
ఆమె వీధికెక్కి అరుస్తానే ఉంది, ఆయనకేమీ వినపల్లా.
కింద తీగ మాత్రం ఆయన్ని దొరికించుకునింది.

"ఎవుర్రా ఏకుతాండేది?"

నేను నోరు తెరిచేలోపల ఆయనే అన్నాడు:
"నారి వదులైంది. బిగించుకోమను.
ఇట్లయితే గింజ రాలదు."

ఆ రేవు ఊరికి
ఈ కబురు ఎట్ల చెప్పేది నేను?

మళ్లీ పెట్టమన్నాడు. పెట్టినా.
లేని గూటం కుడిచేతిలోకి వచ్చింది,
లేని విల్లు ఎడమచేతిలో ఊగింది.
దుం. దుం.
గదిలో పిడికెడు దూది లేదు.
అయినా పాట అయిపోయినాక
తలమీద విదిలించుకున్నా.