తరుగు

ఏనుమాముల యార్డుల ముప్పయ్యేండ్లు కాంటా వట్టిన.
మిర్చి ఘాటుకు నేను తుమ్మితే
ఇప్పుడు ఎవ్వరూ తిరిగి సుత చూడరు.

సారంగపాణి నోటుబుక్కు తెచ్చి చూపెట్టిండు.
గోవల, నీళ్ల మీది పడవల,
మూడు రాత్రులు రాసుకున్న లెక్క:
ఇరువై ఒకటి ఆట,
ఏ ముక్క పోయింది, కట్టల ఇంకేం మిగిలింది.
"దడ్వాయి కాకా, తొల్త రాత్రి నలభై వేలొచ్చినయ్.
కిటుకు దొరికింది. పెట్టుబడే తక్కువవడ్డది."

మూడో రాత్రి సంగతి అడిగిన.
పేజీ తిప్పలే.

నాకు పత్తాలాట రాదు. ఊకె అడిగిన:
నీ ముక్కలు ఇరువై ఒకటి దాటితే?
"పోయినట్టే."
పంచేటోనివి దాటితే?
"వాడే ఇస్తడు."
ఇద్దరియీ దాటితే?
చాయ్ గిలాస ఈ చేతిలకెళ్లి ఆ చేతిలకు మార్చుకున్నడు.
"ముందుగాల తీసేది నేనే గదా కాకా.
వాని వంతు వచ్చేసరికి నేను పోయే ఉంట."

గంతే బిడ్డా. గదే తరుగు.

ఇక్కడ క్వింటాకు కిలో అంటరు.
తేమ అంటరు, తాలు అంటరు, దుమ్ము అంటరు.
ఒక్క బస్తా ముంగట ఏ రైతూ లొల్లి వెట్టడు,
పిడికెడు కాయలకు ఎవడు కొట్లాడ్తడు?
పొద్దూకేసరికి ఆ పిడికెళ్లన్నీ కలిసి
షెడ్డు మూలకు ఎర్రగ ఓ కుప్పయితది.
దానికి చేను లేదు,
నీళ్లు వెట్టినోడు లేడు.

కాంటా అబద్ధమాడదు,
ఆడే అవసరమే రాదు దానికి.

ధర ఎగిరిన నాడు పరకాల రైతొకడు
గేటు కాడ అందరికీ లడ్డూలు పంచిండు.
నాకు రెండిచ్చిండు.
ఆ నాడు సుత తరుగు తీసిన.

"నా లెక్క తప్పా కాకా?"
తప్పు గాదురా. నీ లెక్క సక్కగున్నదని
నీకంటే ముందు వాళ్లకే ఎరుకయితది.
అప్పుడు కట్ట మారుస్తరు,
లేకుంటే నవ్వుకుంట నిన్నే లేపుతరు.
తప్పు లెక్కలోన్ని మాత్రం
అన్నం వెట్టి కూసోవెడ్తరు.

"అంటే ఎన్నడూ గెల్వనా?"
గెలుస్తవ్. ఒక పూట గెలుస్తవ్.
నీ రైలుకు టైమున్నది,
ఆ బల్లకు పోయే ఊరే లేదు.

లేసి పోతా పోతా
నోటుబుక్కును శాంపిల్ కాంటా మీద వెట్టిండు,
పరాచికానికి.
నూటా ఎనభై గ్రాములు.
నూటా డెబ్బై అని చెప్పిన,
నోరు అలవాటుల.