బీరువాకు కన్ను

గోడలకు చెవులుంటాయంటారు.
నేను బీరువాలకు కళ్లు పెడతాను.
వ్యాను మీద ఆ మాటే రాయించుకుందామనుకున్నాను గానీ
అక్షరానికి ఇంత అన్నాడు పెయింటరు.

ఫిబ్రవరి. కెమి.
సముద్రం గడ్డకట్టింది, పడవలన్నీ గట్టున బోర్లా పడుకున్నాయి.
తౌనో గుమ్మంలోనే నా బూట్ల మంచు దులిపించాడు.
కాఫీ తాగితే గాని పనిపెట్టె తెరవనివ్వలేదు.

పైన్ చెక్క బీరువా.
ఒక్క మేకు లేదు, అన్నీ కొయ్య చీలలే.
లోపల ఆంప్లిఫయరు, ట్యూనరు, సీడీ ప్లేయరు,
అట్టడుగున ఎవరూ వాడని క్యాసెట్ డెక్కు.
"ఆ నల్లడబ్బాలూ వాటి ఎర్రకళ్లూ నాకు కనపడొద్దు" అని
పెళ్లయిన ఏడో ఏట ఇర్మెలి అంటే
మూడు చలికాలాలు చిత్రిక పట్టి కట్టాడట.
తలుపు ఎంత కుదురుగా పడుతుందంటే
మూసినప్పుడల్లా గాలి చిన్నగా నిట్టూరుస్తుంది.

ఇప్పుడు ఇర్మెలి కిటికీ ఎదుటి కుర్చీలోంచి లేవలేదు.
కుడిచెయ్యి మాట వినదు, ఎడమచెయ్యి వింటుంది.
పాట పెంచమనీ తగ్గించమనీ
రోజుకి ఇరవైసార్లు మొగుణ్ని కేకెయ్యాలి.
"పిలిస్తే వస్తాడు," అంది. "అదే బాధ."

రిమోటు వెలుగు గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది గానీ
కర్రలో దిగదు.
మందు సులువే.
తలుపు బయట కందిగింజంత కన్ను,
దాని వెనక సన్నటి తీగ, లోపల అగ్గిపెట్టెంత డబ్బా,
డబ్బా నుంచి నాలుగు పాయలు,
ఒక్కో పాయ చివర ఒక్కో యంత్రం నుదుట అంటించే చుక్క.
బయట చూసింది చూసినట్టు లోపలికి చేరవేస్తుంది.
తీగ దూరడానికి ఆరు మిల్లీమీటర్ల చిల్లు మాత్రం కావాలి.

డ్రిల్లు తీశాను.
తౌనో బీరువాకి అడ్డంగా నిలబడ్డాడు.
నిలబడ్డట్టు తనకే తెలియదేమో.
"కిందనుంచి?" అన్నాడు.
కిందనుంచంటే చట్రం కొయ్యాలి.
గాజు తలుపుల మాట నా నాలుక చివరిదాకా వచ్చింది,
అతని ముఖం చూసి మింగేశాను.

చాలాసేపు తలుపు మీద అరచెయ్యి నడిపించాడు,
గుర్రం మెడ నిమిరినట్టు.
ఒకచోట ఆగి బొటనవేలితో నొక్కాడు.
ఎప్పుడో ఎండిన కొమ్మ ముడి,
నలభయ్యేళ్లుగా వదులై కూడా చోటు వదలని ముడి,
టక్కున లోపలికి రాలింది.
చిల్లు చెట్టే పెట్టి ఉంచింది.

ఈ వెలుగు మనిషి కంటికి ఆనదు, ఫోను కెమెరాకి ఆనుతుంది.
ఇర్మెలి బటన్ నొక్కింది. ఫోనులో చూపించాను.
చీకటి అరలో ఊదారంగు చుక్క, మినుకు మినుకు.
"ఇన్నాళ్లూ ఇదా తలుపు కొట్టింది," అంది.

రిమోటుకి బటన్లు నలభై ఏడు.
మూడు ఉంచి తక్కినవాటి మీద గుడ్డ టేపు వేశాను.
పెంచు. తగ్గించు. ఆపు.
ఎడమ బొటనవేలు తడుముకుంటూ దారి నేర్చుకుంది.
ఏదో పాత టాంగో.
పెంచింది. ఇంకా పెంచింది.
అరలో కప్పులు గలగలమనేదాకా పెంచి మొగుడివైపు చూసింది.
అతను ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక
జేబులో దోపి, ముడిని తడుముతున్నాడు.

రెండున్నరకి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా దిగి
నేరుగా కొత్త కంట్లో పడింది.
ఇక ఏం నొక్కినా పలకదు.
సూర్యుడిదీ ఆ భాషే, గొంతు పెద్దది, అంతే.
నీడకి చిన్న రేకు కడతానన్నాను.
"ఎంతసేపుంటుంది ఈ ఎండ?"
"ఇరవై నిమిషాలు."
"ఉండనీ. అప్పుడు ఈయన్ని పిలుస్తాను."

బిల్లులో చిల్లు ఖర్చు కొట్టేశాను.
వంతెన దాటాక గుర్తొచ్చింది,
క్యాసెట్ డెక్కుకి నాలుగో చుక్క అంటించలేదు.
దాన్ని ఎవరూ వాడరు.
అయినా వ్యాను వెనక్కి తిప్పాను.