రెండొందల పన్నెండో పేజీ

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన రాసింది టైపు కొట్టాను.
ఆయన దేవుడి సంగతి నన్నడక్కండి,
కొట్టివేతల సంగతి అడగండి.

డర్హమ్‌లో కుర్ర లెక్చరరుగా ఉన్నప్పుడు
పేరాకొక "నిస్సందేహంగా" ఉండేది.
డెబ్భైల్లో అది "బహుశా" అయింది.
ఆచార్య పీఠం ఎక్కిన ఏడాది
"బహుశా"ని కూడా కొట్టేసి
పైన ఏమీ రాయకుండా వదిలేశాడు.
జీతం పెరిగేకొద్దీ ధీమా తగ్గిన మనిషిని
నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

రెవరెండ్ డాక్టర్ ఆస్విన్ హెస్లప్.
తండ్రి బొగ్గుగనిలో గుర్రాలు తోలేవాడు.
"చీకట్లో గుర్రం దారి చూడదురా,
తోలేవాడి దగ్గు వింటుంది"
అని ఆ తండ్రి అన్న మాట
హీబ్రూ, గ్రీకు, జర్మన్ ఫుట్‌నోట్ల నడుమ
పదకొండోసారి వచ్చినప్పుడు
నేనే తీసేశాను.
గమనించలేదు.
గమనించి ఊరుకున్నాడేమో.

వారంలో నాలుగు రోజులు విశ్వవిద్యాలయం.
శుక్రవారం సాయంత్రం బస్సెక్కితే
సముద్రం ఒడ్డున హోల్మ్‌విక్, ఆయన చర్చి.
వచ్చేది పద్నాలుగు మంది, చలికాలం తొమ్మిది,
చేపలు బాగా పడిన ఆదివారం ముగ్గురు,
అందులో ఒకావిడకి చెముడు.
ఆ ముగ్గురి కోసం తెల్లంగీ ఇస్త్రీ చేసుకు వెళ్లేవాడు.
పండిత సభల్లో తడబడే గొంతు
అక్కడ "మెట్టు నాచు పట్టింది, చూసుకోండి" అన్నప్పుడు
ఖంగుమనేదట.

డెబ్భై ఎనిమిది నవంబరులో
"పేషెన్స్" అనే పడవ తిరిగి రాలేదు.
అన్నదమ్ములిద్దరు, వాళ్ల బావమరిది,
పదహారేళ్ల రాబ్ స్టర్రక్.
మూడు శవాలు ఒడ్డుకొచ్చాయి. రాబ్ రాలేదు.
ఖాళీ పెట్టె పూడ్చవచ్చా, కూడదా అని
చర్చి పెద్దలు తర్జనభర్జన పడుతుంటే
ఈయన రాబ్ తల్లి వంటింట్లో కూర్చుని
తెల్లవార్లూ బంగాళాదుంపల చెక్కు తీశాడు,
ఒక్క వచనమైనా ఎత్తకుండా.
ఎన్ని కావాలో అడగలేదు, ఆవిడా చెప్పలేదు.
వీధి వీధంతా రెండు రోజులు అవే తిన్నారు.

సోమవారం తడిసిన కాగితాలు నా బల్ల మీద పెట్టాడు.
ఎనిమిదో అధ్యాయం.
ఒకచోట సిరా అలుక్కుపోయింది.
"మునిగిపోయినవారికి దేవుడు బాకీ పడ్డది"
అని రాసి, ఆపైన ఒక మాట. మాట కాదు, నీలి మచ్చ.
అడుగుదామంటే
కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.
ఒక మాట పట్టేంత చోటు వదిలి ముందుకెళ్లాను.
ప్రూఫులు దిద్దేటప్పుడు నింపుతాడనుకున్నా.
కామాలు దిద్దాడు. దాన్ని ముట్టుకోలేదు.
అచ్చులో అలాగే పోయింది,
రెండొందల పన్నెండో పేజీ, కింద నుంచి నాలుగో వరుస.

ఇక చూడండి.
జర్మనీ నుంచి ఒకాయన ఆ ఖాళీ మీద నలభై పేజీలు రాశాడు.
ఎడిన్‌బరోలో ఇంకొకాయన అది పచ్చి నాస్తికత్వమన్నాడు.
బిషప్పు భోజనానికి పిలిచి
సూప్ చల్లారేదాకా వానల గురించి మాట్లాడి,
"ఆ ఖాళీ..." అన్నాడట.
"మా టైపిస్టునడగండి" అన్నాడట ఈయన.
బిషప్పు నవ్వాడు.
నన్నెవరూ అడగలేదు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.
ఇంట్లో ఏ కాగితం దొరికితే దాని మీద రాసే మనిషి.
దీపానికి ఎదురుగా పట్టుకుంటే
మచ్చ కింద గీతలు తేలతాయి.
ఆయన సిరా పోయింది గానీ
భార్య మ్యురియల్ పెన్సిలు పోలేదు.
ఉప్పు, అని ఉంది.
దాని పక్కనే, కొవ్వొత్తులు.

మొన్న మార్చిలో ఆయన్ని హోల్మ్‌విక్‌లోనే పూడ్చాం.
మూడు భాషల పండితులు
గాలికి టోపీలు పట్టుకుని నిలబడ్డారు.
తర్వాత హాల్లో టీ తాగుతుంటే
రాబ్ తల్లి ఎల్స్‌పెత్ నా పక్కన కూర్చుంది.
తొంభై దాటాయి.
"పుస్తకాలేవో రాశాడటగా, బావుంటాయా?"
"ఒక వరుస బావుంటుంది" అన్నాను.
ఆవిడ సరేనన్నట్టు తలూపి
తన ప్లేటులోని శాండ్‌విచ్ ఒకటి తీసి
నా ప్లేటులో వేసింది.