గుయ్యిమనాలె

నాలుగొద్దులాయె,
రిసీవరెత్తితే గుయ్యిమంటలేదు.
ఎండిన బోరు పైపుకు చెవి పెట్టినట్టున్నది.

ముందుగాల దులిపిన.
మాట పోయే చిల్లులల్ల గుండుసూది పెట్టి
పదేండ్ల బట్ట నూగు తీసిన.
చుట్టలు వడ్డ వైరును కిందికి ఏలాడదీసి
మెలికలు వాటంతటవే ఇప్పుకునేదాక
గిర్రగిర్ర తిరుగనిచ్చిన.
పిన్ను పీకి, ఊది, మళ్ల గుచ్చిన.
టక్కుమన్నది. గంతే.

పక్కింటి తాహెరా అటక మీది ఫోను తెచ్చింది.
పెట్టి చూస్తే అదీ మూగదే.
అంటే రోగం ఫోనుకు గాదు.
మిషను కాడ నేర్చుకున్న తెలివి నాది:
కుట్టు తప్పితే సూదిని తిట్టొద్దు,
దారం ఎంబడి ఎనుకకు పోవాలె.

పోయిన.
గోడ డబ్బ మూత ఇప్పితే
చిలుమెక్కిన రెండు మరలు,
ఒక బల్లిగుడ్డు పెంకు.
తీగ కొనలు బ్లేడుతోని గీకితే
లోపల ఇంక ఎర్రగనే ఉన్నది రాగి.
బిగించిన. గుయ్యిమనలే.
కిటికి సందుల్నుంచి, పిట్టగోడ మీంచి
స్తంభం దాక కండ్లతోనే టాకాలేసుకుంట వోయిన.
నడుమల తీగ జారి ఉన్నది,
దేశాయిపేట కోతులకు అది ఉయ్యాల.

సెల్లుల కంప్లేంటు రాయించిన.
"సెల్లుండంగ ఇంక అదెందుకమ్మా,
సరెండర్ చేయరాదు?" అన్నది అవతలి పిల్ల.

ఏమని చెప్పాలె?
ఈ నంబరు మాకు రాకముందు
ఎనుమాముల యార్డుల ఓ అడ్తి దుకాణానిది.
దుకాణం మూతవడ్డది,
దాని రశీదులు మూతవడలే.
మంగపేట నుంచి, పరకాల నుంచి
"సేటూ, జెండా పాటెంత? తేజ ఎంత వోయింది?"
మొదట్ల రాంగ్ నంబరని పెట్టేసేదాన్ని.
ఓ పొద్దు ఒక ముసలాయన, ఆయాసం మనిషి,
"బండి మాట్లాడుకున్న బిడ్డా,
రేటు లేకుంటే మర్రిపోత" అన్నడు.
గంట ఆగి కొట్టు తాతా అన్న.
కత్తెర పక్కకు పెట్టి
హమాలి సారయ్య ఇంటికి ఉరికిన.
అప్పట్నుంచి నా కొలతల బుక్కుల
చాతి, నడుము, చెయ్యి పొడుగు,
కింద తేజ, వండర్‌హాట్, చపాట.

ఐదో పొద్దు మొగిలి వచ్చిండు,
స్కూటరుకు నిచ్చెన కట్టుకొని.
"ఈ వాడల మొత్తం నీ ఒక్క జతనే
బతికున్నదక్కా" అనుకుంట ఎక్కిండు.
స్తంభం డబ్బల చీమలు పుట్ట పెట్టినయట.
మన్ను ఊది, తీగలు మెలేసి,
చేతి ఫోను తగిలించి "హలో" అన్నడు.
కిటికి బయట ఒక మొగిలి,
రిసీవర్ల ఇంకో మొగిలి.
నాకు ఏమనాలెనో తెలువక "హలో" అన్న.
ఆయన దిగినంక చూస్తే
గుయ్యి...
కుక్కర్ల పప్పు ఉడుకుతున్నా
దాన్నే ఇనుకుంట నిలవడ్డ.

మొదటి ఫోను కంపెనీ మరమనిషిది:
రిపేరు మంచిగైతే ఒకటి నొక్కాలెనట.
నొక్కిన.
పొద్దుగూకినంక ఆయాసం మనిషి.
"నాలుగొద్దులు మోగుడే మోగుడు, ఎత్తకపోతివి.
మొన్ననే అమ్ముకున్న."
నేను నోరు తెరిచేలోపు
"ఎంతకో చెప్త, రాసుకో.
రేపు ఎవలన్న అడుగుతరు గద" అన్నడు.

బుక్కు చేతికందలే.
కోయబోయే జాకెట్ బట్ట మీదనే
సుద్దతోని రాసుకున్న.